కాలి క్రింది నాణెము



ఈ సదస్సునకు అధ్యక్షత వహింపుమని మీరు కోరినప్పుడు, చిరకాలముగా నా మనస్సును వదలక పట్టియున్న ఒక మాటను గూర్చియే ప్రసంగింపవలెనని నిశ్చయించుకొంటిని. ఆ మాట పశ్చాత్తాపము. ఈ భావమునకు మనము వాడు పదములలో, పశ్చాత్తాపమన్నను, అనుతాపమన్నను, పరితాపమన్నను, అన్నింటను తాపమే ప్రధానము. పని ముగిసిన వెనుక మిగిలిన మంట యది. క్రైస్తవగ్రంథముల గ్రీకుభాషలో ఇదే యర్థమున వచ్చు 'మెటనోయా' యను పదమునకు మంటతో సంబంధము లేదు. మనస్సు మారుట యని దాని భావము. ప్రాయశ్చిత్తము మరల వేరు. అది చేయవలసిన కర్మ, దానికి మన ధర్మశాస్త్రములు కొలతలు కూడ ఏర్పరచినవి. మండుట, మారుట, చెల్లించుట యను నీ మూడును వేర్వేరు వ్యాపారములు. నిత్యజీవితమున మనము మొదటిదానితోనే తృప్తిపడి, పాపము ఎంత కుమిలిపోవుచున్నాడోయని జాలిపడి ఊరకుందుము. గొప్ప నవలాకారులు అంత సులభముగా ఊరకుండలేదు. దోషి కన్నులు తన మంటనే చూచుకొనుచున్నవా, తనవలన నష్టపడిన మనిషిని వెదకుచున్నవా యని వారు విడువక గమనించిరి. నేడు నేను మనవి చేయదలచినదంతయు ఇదియే.

విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన 'లే మిజరాబ్ల్' కథను తలచుకొనిన వారందరికిని ముందుగా స్ఫురించునది, రొట్టె దొంగతనముతో మొదలై, పారిపోజూచిన ప్రతిసారియు పెరిగి, 19 ఏండ్లైన చెరసాల శిక్షను అనుభవించి వచ్చిన జా వల్జాకు, అతడు దొంగిలించిన వెండిసామగ్రితోపాటు వెండి దీపస్తంభములను గూడ ఇచ్చి పంపిన మతాచార్యుని ఔదార్యము. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు ఆ ఘట్టము కాదు, దాని తరువాతిది. సూర్యాస్తమయ సమయమున నిర్జనమైన మైదానములో పొదచాటున వల్జా కూర్చుండియుండగా, పెటిట్ జెర్వే యను పదియేండ్ల పేదబాలుడు తనకున్న నాణెములను ఎగురవేసి పట్టుకొనుచు ఆ దారిన వచ్చును. నలుబది సూల నాణెమొకటి చేజారి దొర్లిపోగా వల్జా దానిపై కాలు మోపును. బాలుడు బ్రతిమాలును, ఏడ్చును, మేకులు దిగగొట్టిన ఆ బరువైన చెప్పును కదలింపజూచును. తుదకు వల్జా లేచి గద్దించినంతనే భయపడి పరుగెత్తిపోవును. చీకటి పడిన తరువాత చేతికర్రకై వంగినప్పుడు, తన పాదమే సగము నేలలోనికి త్రొక్కిన ఆ నాణెము రాళ్లనడుమ మెరయుచు అతనికి కనబడును. అంతట అతడు ఆ పిల్లవాని పేరు పెట్టి కేకలు వేయుచు మైదానమంతయు పరుగులెత్తును. 19 ఏండ్లలో మొదటిసారిగా ఏడ్చును. చెరసాల చేయలేనిదానిని, క్షమాభిక్షయు ఒంటరిగా చేయలేనిదానిని, ఒక పిల్లవాని నాణెము చేసినది. అప్పటికి ఆ బాలుడు అందడు. అతనిని హ్యూగో తిరిగి తీసికొనిరాకుండుటలోని కాఠిన్యము నన్ను ఇప్పటికిని కలచివేయుచున్నది.

నష్టపడిన మనిషి దొరకిన పక్షమున ఏమగునో టాల్‌స్టాయ్ 1899 నాటి 'పునరుత్థానము'లో చూపెను. ఒకనాడు తాను చెరిచి, నూరు రూబుళ్లిచ్చి విడిచిపోయిన కట్యూషా ముద్దాయిగా నిలువగా, నెహ్ల్యూదోవ్ ఆ విచారణలోనే జ్యూరీసభ్యుడై కూర్చుండును. అతడు చెరసాలకు పోయి క్షమాపణ వేడి, వివాహమాడెదననును. ఆమె కృతజ్ఞతతో కరగిపోవలసినదని మనమాశింతుము, ఆమె మండిపడును. ఇహలోకమున తన్ను భోగించినవాడు ఇప్పుడు తన్నే మెట్టుగా చేసికొని పరలోకమునకు ఎక్కజూచుచున్నాడని ఆమె యభియోగము. పశ్చాత్తాపమునందును స్వార్థముండగలదని ఇంత నిర్దాక్షిణ్యముగా చెప్పిన వాక్కును నేను వేరొకచోట వినలేదు. కడపట ఆమె ప్రేమించియు, అతనిని కాదని వేరొకరి వెంట పోవుటకే నిశ్చయించుకొనును. దోషి క్షమను కోరవచ్చునేగాని, దానిపై అతనికి హక్కు లేదు.

మన గురజాడవారు 1910లో వ్రాసిన 'దిద్దుబాటు'లోని స్వరము వేరు, వెలుగు వేరు. సానిపాటలో మునిగి అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన గోపాలరావు, భార్య కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరము చదివి హృదయము కరగి పరితపించును. ఆ మాటలన్నింటిని కమలిని మంచము క్రింద నక్కి వినుచునే యున్నది. ఇంత చిన్న కథలో గురజాడవారు నష్టపడిన వ్యక్తిని పశ్చాత్తాపమునకు శ్రోతగా ఆ గదిలోనే కూర్చుండబెట్టుట నాకు మిక్కిలి ఇష్టమైన విషయము.

ఇక 1866 నాటి దస్తయేవ్‌స్కీ నవల 'నేరము - శిక్ష'. నేను పాఠము చెప్పిన దినములలో దీనిని చదివిన విద్యార్థులు తరచుగా నిరాశపడెడివారు. హంతకుడైన రాస్కోల్నికోవ్ నడివీథిలో మోకరిల్లి నేలను ముద్దిడుకొనెను, చుట్టుప్రక్కలవారు నవ్విరి, రక్షకభటుల కార్యాలయమున నేరమొప్పుకొనెను. మరి సైబీరియాలో అతడు పశ్చాత్తప్తుడు కాకుండుటేమని వారి ప్రశ్న. ఒప్పుకోలు వేరు, పశ్చాత్తాపము వేరని నేను చెప్పెడివాడను. అతడు చెరసాలలో కుమిలినది తన పరాజయమును గూర్చి. గొడ్డలి పాలైన వారిని గూర్చి కాదు. వడ్డీవ్యాపారము చేయు ముసలమ్మను ఒక సిద్ధాంతము పేర చంపెను. ఆమె చెల్లెలు లిజవేటా అనుకొనక ఎదురుపడినందువలననే చచ్చినది. లిజవేటాను అతడెంత అరుదుగా తలచునో గమనించి చదివిన పాఠకునకు గుండె బరువెక్కును.

కాని దస్తయేవ్‌స్కీ ఆమెను మరువలేదు. రాస్కోల్నికోవును ప్రేమించి సైబీరియాకు వెంట పోయిన సోన్యా, అతనికి లాజరు పునర్జీవనమును చదివి వినిపించిన పాతబడిన క్రొత్త నిబంధన గ్రంథము లిజవేటా తెచ్చి యిచ్చినదే. సైబీరియాలో అతడడుగగా సోన్యా తెచ్చి యిచ్చినదియు ఆ ప్రతియే. నదీతీరమున సోన్యా పాదములకడ అతడు విలపించిన నాటి రాత్రి, అతడింకను విప్పి చూడని ఆ పుస్తకము, చచ్చిపోయిన లిజవేటా చేతులు తాకిన ఆ పుస్తకము, అతని తలగడ క్రిందనే యుండినది.