దేశాలకు ర్యాంకులు - అంకెల వెనుక మనుషులు
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశాల వ్యాపార వాతావరణాన్ని ఎలా కొలుస్తారో చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఆర్థికశాస్త్రం చదివినవాడిని కాదన్నాను. "ముప్పై అయిదేళ్లు పీరియాడికల్ రిటర్నులు రాశారుగా, అది చాలు" అన్నారాయన. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను.

ప్రపంచ బ్యాంకు 2003 నుంచి 'డూయింగ్ బిజినెస్' అనే నివేదికను ఏటా వెలువరించేది. సంస్థ ప్రారంభించడం, కట్టడానికి అనుమతి, విద్యుత్ కనెక్షన్, ఆస్తి రిజిస్ట్రేషన్, పన్నులు, ఎగుమతి దిగుమతులు, కోర్టులో ఒప్పందం అమలు మొదలైన పది అంశాలు తీసుకుని, ఒక్కొక్క పనికి ఎన్ని మెట్లు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని న్యాయవాదులను, అకౌంటెంట్లను అడిగి లెక్కగట్టేవారు. దానినిబట్టి సుమారు 190 దేశాలకు ర్యాంకులిచ్చేవారు.

2015 నివేదికలో మన దేశానిది 142వ స్థానం. 2018లో 100, 2019లో 77, 2020 నివేదికలో 63. సంతోషించవలసిన విషయమే. అయితే అంకెను విడదీసి చూడాలి. కట్టడాల అనుమతుల్లో మనం 2018 నివేదికలో 181వ స్థానంలో ఉండి, రెండేళ్లకే 27కు వచ్చాం. ఒప్పందాల అమలులో మాత్రం 163వ స్థానమే. ఒక వాణిజ్య వివాదం తేలడానికి 1,445 రోజులు, అంటే నాలుగేళ్లు. మరొక సంగతి: మన దేశం పేరున కొలిచింది ముంబయి, ఢిల్లీ నగరాలను మాత్రమే. ఆ రెండుచోట్ల అనుమతులను ఆన్‌లైన్ చేస్తే దేశం ర్యాంకు ఎగబాకింది. గుంటూరు మిర్చి వ్యాపారిగాని, సిరిసిల్ల మరమగ్గాల ఆసామిగాని ఆ లెక్కలో లేరు.

కేంద్రం మన రాష్ట్రాలకూ ఇలాగే ర్యాంకులిచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 98.78 శాతంతో సమానంగా ప్రథమ స్థానంలో నిలిచాయి. అప్పట్లో రాష్ట్రాలు పంపిన ఆధారాలనుబట్టే మార్కులు. తర్వాత సేవలు పొందినవారి అభిప్రాయాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. అది మంచి మార్పు.

ఇంతలో ప్రపంచ బ్యాంకు నివేదికకే చెదలు పట్టింది. 2018, 2020 నివేదికల్లో చైనా, సౌదీ అరేబియా, యు.ఏ.ఇ., అజర్‌బైజాన్ దేశాల అంకెల్లో అవకతవకలు బయటపడ్డాయి. 2018లో చైనాకు 78వ స్థానం ఇచ్చారు. సరిచేసి చూస్తే 85 అని తేలింది. 2021 సెప్టెంబరులో బ్యాంకు ఆ నివేదికకే స్వస్తి చెప్పింది.

ఈ వార్త చదివి నేను ఆశ్చర్యపోలేదు. ఎందుకో చెబుతాను. ఒకప్పుడు మా ఆఫీసులో మూడు నెలలు దాటిన కాగితం పెండింగులో ఉండరాదని గట్టి ఉత్తర్వు వచ్చింది. నా సీటులో చనిపోయిన ఒక అటెండరు భార్య కుటుంబ పింఛను దరఖాస్తు ఉంది. దానిలో ఒక చిన్న ధ్రువపత్రం తక్కువ. కబురుచేస్తే ఆమె తెచ్చి ఇచ్చేది. నేను నెలాఖరున "పత్రములు అసమగ్రముగా ఉన్నందున తిరిగి పంపడమైనది" అని రాసి, పర్సనల్ రిజిస్టరులో ఆ నంబరు కొట్టేశాను. అబ్‌స్ట్రాక్టులో పెండింగు సున్నా. పైఅధికారి మెచ్చుకున్నారు. తర్వాత ఆమె వచ్చి, "బాబూ, మళ్లీ మొదటినుంచా?" అని అడిగింది. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు. నా రిటర్నులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కాని పని జరగలేదు.

కొలవడం తప్పని నేననను. కొలవకపోతే 1,445 రోజులన్న సంగతి మనకు తెలిసేదే కాదు. కొలత దారి చూపాలి. కొలతకోసమే నడిస్తే దారి తప్పుతాం. ప్రపంచ బ్యాంకు 2024 అక్టోబరులో 50 దేశాలతో 'బి-రెడీ' అనే కొత్త నివేదిక తెచ్చింది. ఇందులో కాగితంమీది నిబంధనలకు, ప్రభుత్వం అందించే సేవలకు, పని నిజంగా ఎంత సులువుగా జరుగుతోందన్నదానికి వేర్వేరుగా మార్కులు వేస్తున్నారు. ఇందుకోసం వ్యాపార సంస్థలను కూడా నేరుగా అడిగి తెలుసుకుంటున్నారు. కౌంటరుకు ఇవతల నిలబడినవాడిని అడగడమన్నమాట.

చివరగా మన సంఘానికి ఒక మనవి. మనం కూడా సభ్యుల పింఛను ఫిర్యాదుల పట్టిక తయారు చేస్తున్నాం. అందులో "పరిష్కరించినవి" అనే గడి పక్కన "డబ్బు చేతికందిన తేదీ" అని ఇంకొక గడి గీయండి. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ ఫిర్యాదు పెండింగే.