తాగుడును దగ్గరగా చూసిన వైద్యుడు: గ్రిఫిత్ ఎడ్వర్డ్స్



స్మారకోపన్యాసాన్ని దాత గుణగణాలతో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం మాత్రం పొగడ్తలు వద్దంది, తాగుడు గురించి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమంది. అందుకే 2012లో కన్నుమూసిన బ్రిటిష్ మానసిక వైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ పనిని ఎంచుకున్నాను. లండన్‌లో మాడ్స్‌లీ ఆస్పత్రి పక్కనున్న సైకియాట్రీ ఇన్‌స్టిట్యూట్‌లో 1967లో వ్యసన పరిశోధన విభాగాన్ని నిలబెట్టింది ఆయనే.

1976లో మిల్టన్ గ్రాస్‌తో కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. మద్యంపై ఆధారపడటానికి అందులో ఏడు లక్షణాలు చెప్పారు. మొదటిది, తాగే తీరు ఇరుకైపోవడం. తొలిరోజుల్లో మనిషి పెళ్లికో, జాతరకో, జీతం రోజుకో తాగుతాడు. జబ్బు ముదిరేకొద్దీ ఆ తేడాలన్నీ పోతాయి. పండగైనా చావైనా అదే సరుకు, అదే వేళ, అంతే మోతాదు. మరో లక్షణం, తెల్లారితే ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. గుక్క పడితేనే వణుకు ఆగుతుంది. ఇంట్లోవాళ్లకు ఆ పొద్దుటి తాగుడు పొగరుగా కనిపిస్తుంది.

చివరి లక్షణం మన ఊళ్లలో అందరూ చూసిందే. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాడు, మాల తీసిన కొద్దిరోజులకే పాత మోతాదుకు చేరుకుంటాడు. ఏళ్ల తరబడి పెరిగిన అలవాటు రోజుల్లో తిరిగొస్తుంది. దాన్ని భక్తి లోపంగా లెక్కగట్టడం అన్యాయం.

ఆధారపడటాన్నీ, తాగుడు తెచ్చే నష్టాన్నీ ఎడ్వర్డ్స్ విడదీశారు. ఒక్కరాత్రి తాగి బండి గుద్దినవాడికి ఈ జబ్బు లేకపోవచ్చు. ఆధారపడినవారిలోనూ తక్కువ, ఎక్కువ ఉంటాయి.

1977లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగం చాలామందికి మింగుడుపడలేదు. పెళ్లయిన 100 మంది మగవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నెలల తరబడి పూర్తి చికిత్స. రెండో గుంపుకు భార్య ఎదుట ఒక్కసారి గట్టిగా సలహా, తర్వాత నెలనెలా భార్యను అడిగి సమాచారం తీసుకోవడం, అంతే. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బాగా ముదిరినవారికి గట్టి చికిత్సే మేలు చేస్తుందన్న సూచన తర్వాతి పరిశీలనలో కనిపించింది. ఖరీదైన డీఅడిక్షన్ సెంటర్ల బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

మాడ్స్‌లీలో ఆయనకంటే పెద్దవాడైన డి.ఎల్. డేవిస్, 93 మంది రోగుల్లో ఏడుగురు మామూలు తాగుడుకు తిరిగి రాగలిగారని 1962లో రాశారు. ఎడ్వర్డ్స్ ఆ ఏడుగురినీ మళ్లీ వెతికించారు. 1985లో తేలిందేమిటంటే, ఐదుగురికి మధ్యలో తాగుడు సమస్యలు వచ్చాయి, ఇద్దరే నిలబడ్డారు. పెద్దాయన మాటను కూడా ఇలా సరిచూడటం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం.

ఇక మానసిక రోగం సంగతి. తాగుడు వల్ల దిగులా, దిగులు వల్ల తాగుడా? 1988లో అమెరికాలో సాండ్రా బ్రౌన్, మార్క్ షుకిట్ తాగుడు మానడానికి చికిత్సలో చేరిన మగవాళ్లను పరీక్షించారు. చేరినప్పుడు 42 శాతం మందిలో తీవ్రమైన దిగులు ఉంది. మద్యం ముట్టని నాలుగు వారాల తర్వాత అది 6 శాతానికి పడిపోయింది. ఆత్మహత్య ఆలోచనలుంటే, పాత డిప్రెషన్ చరిత్ర ఉంటే దిగులుకు చికిత్స ఆపకూడదు. మిగతావారికి మాత్రలు రాసే ముందు కొంత ఆగి చూడటం వైద్యుడి ధర్మం.

మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం సమస్యలున్నవారిలో 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. మీ ఇంట్లో పొద్దున్నే తాగేవారుంటే, ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.