ఇంట్ల కంప్యూటర్, సంఘం లెక్క


మన గోదావరిఖనిలో పొద్దున తుడిచిన గడపమీద సాయంత్రానికి బొగ్గు దుమ్ము పడుతది. ఆ దుమ్ము కంప్యూటర్ ఫ్యానుకు పడితే గాలి ఆడదు, మిషన్ వేడెక్కి ఆగిపోతది. అందుకే కొత్త కంప్యూటర్‌ను కిటికీ పక్కన పెట్టొద్దు, గోడకు జానెడు ఎడం ఉంచండి. నడిచేటప్పుడు గుడ్డ కప్పొద్దు. బంద్ చేసి, చల్లారినంక కప్పండి. ప్లగ్గు తీసి పొడిగుడ్డతోనే తుడవండి. యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా రాసింది సేవ్ చేసి, పద్ధతిగా బంద్ చేసే టైం దొరుకుతది.

నిరుడు మా ఇంట్ల కంప్యూటర్ కరెంటు పోయి పాడైంది. సంఘం ఆరు నెలల పొదుపు లెక్క అండ్లనే ఉండె. చేతిరాత పుస్తకం ఉండబట్టి నా మాట నిలిచింది. అందుకే పుస్తకం మానొద్దు. ప్రతి మీటింగ్ అయినంక లెక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని ఇంకో సభ్యురాలి ఇంట్ల ఉంచండి. కంప్యూటర్ పక్కనే పెడితే రెండూ ఒక్కసారే పోతయి.