చెంబు మూతి

 

నేను ఉపన్యాసాలు చెప్పేదాన్ని కాను. నాకు వచ్చింది ముగ్గు. ఈ మధ్య బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నాను. ఆ సంగతి చెప్పమన్నారు. చెబుతాను.

మా అమ్మ పోయేనాటికి నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు. అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. నిరుడు నా మనవరాలు అడిగింది. "అవ్వా, మీ అమ్మ ఎట్లా ఉండేది?" అంది. నల్లగా ఉండేది, పొడుగ్గా ఉండేది అన్నాను. ఆ పైన మాట రాలేదు. గీసి చూపిద్దాం అనుకున్నాను. 15 చుక్కల ముగ్గు చూడకుండా వేసే చెయ్యి కదా నాది! మొహం ఎంత?

గీశాను. మా ఆయన చూసి, "ఎవరిదే ఈ గుమ్మడికాయ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మర్నాడు మొహం జోలికి పోలేదు. ఇత్తడి చెంబు ఎదురుగా పెట్టుకున్నాను. చెంబు మూతి గుండ్రం. కాబట్టి గుండ్రంగా గీశాను. చూస్తే చెంబు ముందుకు పడిపోతున్నట్టుంది! నాలుగుసార్లు చెరిపాను. కాగితం చిరిగింది. విసుగొచ్చి చెంబు చేతిలోకి తీసుకున్నాను. కంటికి సమంగా ఎత్తి పట్టాను. మూతి గీతలాగా కనబడింది. నేల మీద పెట్టి పైనుంచి చూశాను. గుండ్రంగా ఉంది. అరుగు మీద పెట్టి కాస్త దూరంగా కూర్చున్నాను. కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టుంది. నలభై ఏళ్లుగా ఆ చెంబుతోనే నీళ్లు తాగుతున్నాను. దాని మూతి ఇట్లా మారుతుందని ఆ రోజే చూశాను.

మొహం సంగతి కూడా అంతే. మనం కళ్లు నుదుటి దగ్గర గీస్తాం. ఎందుకంటే మనం చూసేది కళ్లు, ముక్కు, నోరే. పైనున్న తల లెక్కలోకి రాదు. నేను చీపురు పుల్లతో కొలిచాను. ఉపాధి పనికాడ ఐదుగురిని కూర్చోబెట్టి మరీ కొలిచాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఎంతో, కళ్లు సరిగ్గా అందులో సగం దగ్గర ఉన్నాయి. మీరూ కొలిచి చూడండి. అబద్ధమైతే నన్ను అడగండి.

పెన్సిళ్లలో రకాలున్నాయి. బడిపిల్లలు రాసేది హెచ్.బి. పెన్సిలు. 4బి, 6బి అని ఉంటాయి. అంకె పెరిగే కొద్దీ మెత్తన, నలుపు ఎక్కువ. నీడలకు అవి బాగుంటాయి. డబ్బు లేకపోతే బొగ్గు ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద మొదటి గీత చింతపుల్లల బొగ్గుతోనే గీస్తారు. తప్పయితే దులిపేయొచ్చు. ఆ పైనే కలంతో నల్లరంగు గీత. ఆ రంగు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి చేస్తారు. నేను పుల్లలను చిన్న కుండలో పెట్టి, మూతకు మట్టి మెత్తి కాల్చాను. మొదటిసారి మట్టి సరిగా మెత్తలేదు. గాలి పోయి అంతా బూడిదయింది. రెండోసారి వచ్చింది.

బీహారులో గంగాదేవి అనే ఆమె ఉండేది. అక్కడ ఆడవాళ్లు పెళ్లిళ్లకు గోడల మీద బొమ్మలు వేస్తారు. 1966, 67లో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు సర్కారువాళ్లు ఆడవాళ్లకు కాగితాలిచ్చారు. వేసి అమ్ముకోండి, నాలుగు డబ్బులొస్తాయి అన్నారు. అట్లా గోడ మీది బొమ్మ కాగితం మీదికి వచ్చింది. గంగాదేవి దేవుళ్ల బొమ్మలతో ఆగలేదు. 1985లో అమెరికా పోయింది. అక్కడ జనం కూర్చుని గిర్రున తిరిగే పెద్ద రైలు ఆట చూసింది. దాన్నీ తన గీతల్లోనే వేసింది. తర్వాత కాన్సరు వచ్చింది. ఢిల్లీలో వైద్యం చేయించుకుంది. ఆ ఆసుపత్రిని కూడా వేసింది. 1991లో చనిపోయింది. ఆసుపత్రి మంచం బొమ్మకు పనికొస్తుందని నాకెప్పుడూ తోచలేదు. ఆమె సంగతి విన్నాకే మా రోలు, మా మేక, కట్టెల మోపు గీయడం మొదలుపెట్టాను. మేక కుదురుగా నిలబడదు, అదొక్కటే తంటా. నెమరు వేసేటప్పుడు గీయాలి.

అమ్మ సంగతికి వస్తాను. మా చిన్నమ్మ బతికే ఉంది. అమ్మ పోలికలు ఆమెలో ఉన్నాయి. సంక్రాంతికి పోయి ఆమె ముందు కూర్చున్నాను. కదలొద్దు చిన్నమ్మా అంటే ఆమెకు నవ్వు. మూడు రోజులు గీశాను. మొదట చేతులు, తర్వాత మొహం. కాగితం ఆమె చేతికిచ్చాను. చత్వారం అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చెయ్యి మా అక్కదే" అంది. "సంకటి ముద్ద తిప్పే చెయ్యి. ముక్కు మాత్రం కాదే. అక్క ముక్కు కొంచెం ఇటు వంకర." తన ముక్కు మీద వేలు పెట్టి చూపించింది.

ఆ వంకర నేను మరిచేపోయాను. ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు కాగితాలయ్యాయి. ఇంకా కుదరలేదు.

బొగ్గు పుల్లలు తెచ్చాను, తలా రెండు తీసుకోండి. వచ్చే ఆదివారం ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోండి. అరుగు మీద పెట్టుకుని గీద్దాం.