పుర్రె అడుగున దారులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పని గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు నిర్వాహకులు. నేను ఇంజనీరుని. ఆస్పత్రుల్లో తీసిన సీటీ స్కాన్లను బట్టి ఎముకల నమూనాలు త్రీడీ ప్రింటర్ మీద తయారుచేస్తాను. సర్జన్లు ఆపరేషన్‌కి ముందు వాటిని చేతిలో పట్టుకుని చూసుకుంటారు. అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది పుర్రె అడుగుభాగం.

కపాల నాడులు 12 జతలని మనం ఈ బడిలోనే చదువుకున్నాం. కంటికి, చెవికి, ముఖానికి, నాలుకకి, గొంతుకి వెళ్లే తీగలవి. పుర్రె దాటి బయటపడాలంటే వాటికి ఎముకలోని రంధ్రాలే దారి. పుస్తకంలో బొమ్మ ఒక్కటే ఉంటుంది. అసలు పుర్రెలు మాత్రం ఏ రెండూ ఒకలా ఉండవు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ముఖానికి స్పర్శనిచ్చే ఐదో నాడికి మూడు శాఖలు. కింది దవడకు వెళ్లే శాఖ దిగే రంధ్రం పేరు ఫోరామెన్ ఓవలే, అంటే కోడిగుడ్డు ఆకారపు రంధ్రం. పొడవు సుమారు 7 మిల్లీమీటర్లు, వెడల్పు 4. పేరుకి గుడ్డే గాని కొందరిలో బాదంగింజలా, కొందరిలో గుండ్రంగా, కొందరిలో సన్నని చీలికలా ఉంటుంది. ఒకే మనిషిలో కుడి ఎడమలకు కూడా తేడా ఉంటుంది. కొందరికి దాని పక్కనే సన్నని సిర వెళ్లే ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. 1543లో శరీర నిర్మాణంపై మహాగ్రంథం అచ్చువేసిన వెసాలియస్ పేరే దానికి పెట్టారు. కొందరికి అది ఉండనే ఉండదు. నాలుకను కదిలించే 12వ నాడి కాలువ కొందరిలో మధ్యలో ఎముక గోడతో రెండుగా చీలి ఉంటుంది. ఇవేవీ జబ్బులు కావు.

ఎందుకిలా? ఇల్లు కట్టినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. శ్లాబు పోసే ముందే కరెంటు పైపులు పరిచి, వాటి చుట్టూ కాంక్రీటు పోస్తాం. పిండంలో కూడా నాడులు, రక్తనాళాలు ముందు ఏర్పడతాయి. ఎముక తర్వాత వాటి చుట్టూ కట్టుకుంటుంది. కాబట్టి దారి ఆకారం ఆ మనిషిదే.

దీనితో పనేమిటంటారా? ఈ ఐదో నాడికే ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నొప్పి వస్తుంది. పళ్లు తోముకున్నా, చల్లగాలి తగిలినా బుగ్గలో కరెంటు షాక్ కొట్టినట్టుంటుంది. పంటి నొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. ముందు మందులిస్తారు. అవి చాలక, పుర్రె తెరిచే ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లకు ఇంకో మార్గం ఉంది. నోటి మూలకు పక్కగా బుగ్గలోంచి సూదిని పైకి పంపి, ఎక్స్‌రేలో చూస్తూ ఆ 4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి లోపలికి తీసుకెళ్తారు. దగ్గర్లోనే మెదడుకు వెళ్లే పెద్ద ధమని ఉంది. రంధ్రం సన్నగా ఉన్నా, ఎముక అడ్డొచ్చినా, సూది పక్క రంధ్రంలో దూరినా ప్రమాదమే. పుస్తకంలో బొమ్మ డాక్టరు గారికి దారి చూపిస్తుంది. సూది దించడానికి మాత్రం ఆ రోగి సొంత పుర్రె ఎలా ఉందో తెలియాలి. మా నమూనా అక్కరకొచ్చేది అక్కడే.

చివరగా ఒక విన్నపం. మన సైన్స్ ల్యాబ్‌కి మూడు పుర్రె నమూనాలు చేసిస్తాను. ముగ్గురు వేర్వేరు మనుషులవి, వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా. మాస్టార్లు దయచేసి వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతికి వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చి, ఆ గుడ్డు రంధ్రాన్ని రెండు వైపులా కొలవమనండి. ఆరు రంధ్రాలకు ఆరు కొలతలు వస్తాయి. "నీది తప్పు, నాది కరెక్టు" అని వాళ్లు వాదించుకుంటారు. మళ్లీ కొలవమనండి. జాగ్రత్తగా కొలిస్తే, వేర్వేరుగా ఉన్నా అన్నీ సరైనవే కావచ్చని వాళ్లకే తెలుస్తుంది.