అర మార్కు



నేను సాధించినవి కాక, నన్ను మూడు రోజులు ఏడిపించిన ఒక పని గురించి చెబుతాను.

వాతావరణ లెక్కల్ని బొమ్మలుగా చూపే ‘విస్‌యాడ్’ అనే జావా లైబ్రరీ ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. సోర్స్ కోడ్ కూడా ఉచితమే. దాన్ని నా కంప్యూటర్‌లో కంపైల్ చేయబోతే తెర నిండా ఎర్రర్లు! కింది నుంచి ఒక్కొక్కటే సరిచేయబోయి మూడు రోజులు పోగొట్టుకున్నాను. తీరా మొదటి లైను చదివితే సంగతి అక్కడే ఉంది. త్రీడీ బొమ్మలకు కావలసిన ‘జావా త్రీడీ’ని నేను ఇన్‌స్టాలే చేయలేదు. అది పెట్టి, క్లాస్‌పాత్‌లో చేర్చగానే ఎర్రర్లన్నీ పోయాయి.

తర్వాత నా ప్రోగ్రాం నడిపితే ‘యూనిట్ ఎక్సెప్షన్’ అంటూ ఆగిపోయింది. చూస్తే, పొరపాటున ఉష్ణోగ్రతకు పీడనాన్ని కలుపుతున్నాను! ఈ లైబ్రరీలో అంకెతోపాటు దాని ప్రమాణాన్నీ చెప్పవచ్చు. చెబితే సెల్సియస్‌ను కెల్విన్‌లోకి అదే మార్చుకుంటుంది. పొంతన లేనివాటిని మాత్రం కలపనివ్వదు.

వెంటనే తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. జవాబు సరిగ్గానే ఉన్నా యూనిట్ రాయలేదని ఫిజిక్స్ మాస్టారు నాకు అర మార్కు కోశారు. “ఐదు ఏమిట్రా? మామిడికాయలా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను ఆయనతో వాదించాను.

పిల్లలూ, తప్పు వస్తే మొదటి లైను చదవండి. అంకె పక్కన యూనిట్ రాయండి.

ముందు వరుసలో ఉన్న మాస్టారూ, ఆ అర మార్కు కోయడమే న్యాయం. ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.