మా రూములో కృష్ణా పంచాయితీ



పోయిన రంజాన్ సెలవుల్లో మా రూములో గిన్నెలు ఎగిరినయ్. కారణం కృష్ణా నీళ్లు! నాది పాలమూరు, పక్క బెడ్ తమ్ముడిది కడప. "పోతిరెడ్డిపాడు నుంచి మా నీళ్లు తీసుకపోతున్నరు" అని నేను. "మీరు కరెంటు కోసం డ్యామంతా ఖాళీ చేస్తాండారు గదన్నా" అని తను. నిజానికి మా కల్వకుర్తి ఎత్తిపోతలకైనా, వాళ్ల తెలుగుగంగకైనా దిక్కు ఆ ఒక్క శ్రీశైలమే.

కోపం తగ్గినంక లెక్క తెలుసుకున్నాం. 1973లో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి చెప్పింది 811 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 1960 నాటికే వాడుకలో ఉన్న నీళ్లకు ముందు రక్షణ ఇచ్చారు. అంటే, ముందు కాలువ తవ్వినోడికి భరోసా, మిగతావాళ్లకు ఎదురుచూపు. మా రెండు ఊళ్లకూ అప్పటికి కాలువ లేదు. అందుకే కదా ఇద్దరం ఈ ఎడారిలో కలిసింది!

రాష్ట్రం విడిపోయాక 2015లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా ఒప్పుకున్నారు. ఆ తాత్కాలికమే ఏండ్ల తరబడి సాగింది. 2023 అక్టోబరులో కేంద్రం ఈ పంపకాన్ని బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పింది. అక్కడ చూసేది పాత ఒప్పందాలు, ప్రాజెక్టుల కాగితాలు, ఆయకట్టు లెక్కలు. మన ఫోన్లలో తిరిగే వీడియోలు కాదు.

ఇప్పుడు వానకాలంలో ఇద్దరం కలిసే శ్రీశైలం మట్టం చూస్తాం. 885 అడుగులు నిండిన రోజు చాయ్ ఖర్చు నాది.